1936 కాణి మీద ఎనిమిదో ఎడ్వర్డు బొమ్మ ఎందుకు లేదు?

రేకుడబ్బా_రవి
తాతగారు పోయాక అటక మీది సామాను దించుతుంటే బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి దొరికింది. నిండా కాణీలు, బేడలు, అణాలు. సంవత్సరాల వరసలో నేల మీద పేరుస్తున్నా. 1935 మీద ఐదో జార్జి. 1936 మీద కూడా ఐదో జార్జే. 1938 నుంచి ఆరో జార్జి. కానీ ఐదో జార్జి 1936 జనవరిలోనే పోయాడు కదా? మధ్యలో ఎనిమిదో ఎడ్వర్డు అనే ఆయన రాజుగా ఉన్నాడని, ప్రేమ కోసం సింహాసనం వదిలేశాడని మా సోషల్ మాస్టారు సినిమా కథలా చెప్పేవారు. మరి ఆయన బొమ్మ ఒక్కదాని మీదా లేదేంటి? నా డబ్బాలోనే లేదా, అసలు వెయ్యలేదా? ఉంటే రేటెంత? అడగడంలో తప్పు లేదు కదా.

పాతనాణెం_ప్రసాదు
అసలు వెయ్యలేదు. కొత్త రాజు బొమ్మ గీయించి, ఒప్పుకోలు తీసుకుని, అచ్చు చెక్కించేసరికి నెలలు పడుతుంది. ఈయన రాజుగా ఉన్నది మొత్తం 326 రోజులు. మన కలకత్తా, బొంబాయి టంకశాలలు తండ్రి బొమ్మతోనే 1936 అంతా లాగించేశాయి. అచ్చు సిద్ధమయ్యేలోపు రాజు దిగిపోయాడు.

వంకాయ_బజ్జీ
మా ఊరి సర్పంచి శిలాఫలకం గుర్తొచ్చింది. రాయి చెక్కించేలోపు పదవి పోయింది.

పాతనాణెం_ప్రసాదు
నవ్వుకోండి గానీ అసలు తమాషా ఇంకోటి ఉంది. ఇంగ్లండులో ఒక రాజు కుడివైపు చూస్తే తర్వాతి రాజు ఎడమవైపు చూడాలి, నాణేల మీద అది ఎప్పటినుంచో వస్తున్న ఆనవాయితీ. వంతు ప్రకారం ఎడ్వర్డు కుడివైపు చూడాలి. ఆయన ఒప్పుకోలేదు. పాపిడి కనిపించేది ఎడమవైపే, అటే అందంగా ఉంటానని పట్టుబట్టాడు. అలా నమూనాకు కొట్టిన బంగారు సావరిన్లు గుప్పెడే మిగిలాయి. 2020లో ఒకటి కోటి పౌండ్లకు అమ్ముడుపోయింది.

లండన్_లక్ష్మి
కోటి కాదు, పది లక్షల పౌండ్లు.

పాతనాణెం_ప్రసాదు
అవును, పది లక్షలే. ఒక సున్నా ఎక్కువ పెట్టేశా. నా దగ్గర ఉంటేగా పట్టించుకోవడానికి.

రేకుడబ్బా_రవి
అంటే ఆయన పేరుతో మామూలు జనం వాడిన నాణెం ప్రపంచంలోనే లేదా?

పాతనాణెం_ప్రసాదు
ఉన్నాయి, అక్కడే ఉంది విచిత్రం. తూర్పు ఆఫ్రికా, పడమటి ఆఫ్రికా, ఫిజీ, న్యూగినీలలో 1936లో ఆయన పేరుతో చిల్లర వేశారు. మధ్యలో చిల్లు ఉండే నాణేలు అవి. చిల్లు ఉంటే తల ఎక్కడ వేస్తారు? అందుకని బొమ్మ గొడవ లేకుండా పేరొక్కటీ వేసి వదిలేశారు. తూర్పు ఆఫ్రికా దాని మీద చిల్లుకు రెండు వైపులా ఏనుగు దంతాలు ఉంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. ఖరీదు కూడా ఏం లేదు.

వంకాయ_బజ్జీ
మొత్తానికి రవి అస్తమించని సామ్రాజ్యంలో ఆయనకి మిగిలింది చిల్లుకాణి 😂

గోదారిగట్టు
నవ్వులు సరే. ఈ కాలంలో ఫోను మార్చడానికే జనం వంద ఆలోచిస్తున్నారు. ఆ మనిషి పావు ప్రపంచాన్ని ఒక్క సంతకంతో వదిలేశాడు, నచ్చిన ఆడమనిషి కోసం. ఎవరేమన్నా నాకు గౌరవమే. రేడియోలో ఆయన అన్న మాట మా నాన్నగారికి కంఠతా వచ్చు. తను ప్రేమించిన స్త్రీ అండ లేకుండా ఈ బరువు మోయలేనని చెప్పాడు. అంత పచ్చిగా నిజం చెప్పిన రాజు ఇంకొకడున్నాడా?

మిరపకాయ_మాస్టారు
గోదారిగట్టు గారూ, ఆ రేడియో ప్రసంగం దగ్గరే అందరూ ఆగిపోతారు. 1936 డిసెంబరు 11 రాత్రి. ఆ తర్వాత ఆయన ముప్పై అయిదేళ్లు బతికాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. పుట్టింది 1894లో. ఏడు పేర్లు పెట్టారు, ఇంట్లో మాత్రం డేవిడ్ అనేవారు. కుర్రతనంలో మహా ఆకర్షణ, దేశదేశాలు తిప్పారు. తండ్రికి మాత్రం గుబులే. నేను పోయాక పన్నెండు నెలల్లో వీడు చెడిపోతాడని తండ్రి అన్నట్టు చెప్పుకుంటారు. పన్నెండు కూడా పట్టలేదు. ఎవరి కోసం రాజ్యం వదిలాడో ఆ మిసెస్ సింప్సన్‌తో పరిచయం 1931లో. అమెరికా ఆవిడ, మొదటి భర్తకు 1927లో విడాకులు, రెండో భర్తతో కాపురం చేస్తోంది. రాజయ్యాక ఆఫీసు కాగితాల పెట్టెలు వారాల తరబడి తిరిగొచ్చేవి కావు, వచ్చినా వాటి మీద గ్లాసుల అడుగుల మరకలు ఉండేవని చెప్పుకునేవారు. పని మీద మనసు లేదు. ఆవిడ లేకపోయినా ఆయన ఆ కుర్చీలో ఎన్నాళ్లో ఉండేవాడని నేను అనుకోను.

లండన్_లక్ష్మి
గడియారాల సంగతి మర్చిపోయారు మాస్టారూ. శాండ్రింగ్‌హామ్ ఇంట్లో గడియారాలన్నీ అరగంట ముందుకు పెట్టి ఉండేవి, వేటకు వెలుతురు కలిసొస్తుందని తాత కాలం నుంచి అలవాటు. తండ్రి కన్నుమూసిన ఆ రాత్రే ఈయన గడియారాలన్నీ సరైన టైముకు తిప్పించేశాడు. పన్నెండో రోజు దాకా కూడా ఆగలేదు.

గోదారిగట్టు
తప్పు టైము సరి చేస్తే కూడా తప్పేనా?

లండన్_లక్ష్మి
తప్పనట్లేదు. తొందర చూడమంటున్నా.

ఓరుగల్లు_పిల్ల
ఒక ప్రశ్న. పెళ్లి చేసుకుంటే ఏమయ్యేది అసలు? రాజు కదా, ఎవరు ఆపుతారు?

మిరపకాయ_మాస్టారు
అక్కడి రాజు వాళ్ల మతపీఠానికీ పెద్ద. మాజీ మొగుడు బతికుండగా విడాకులు తీసుకున్న ఆవిడకి మళ్లీ పెళ్లి చెయ్యకూడదని అప్పట్లో ఆ చర్చి పట్టుదల. ఇక్కడ ఇద్దరు మాజీలు, ఇద్దరూ బతికే ఉన్నారు. రెండో విడాకుల కేసు ఇప్స్‌విచ్ కోర్టులో అక్టోబరు 27న తేలింది, అదీ పూర్తి డిక్రీ కాదు, ఆర్నెల్లు ఆగాలి. నవంబరు 16న ప్రధాని బాల్డ్విన్‌ను పిలిచి పెళ్లి చేసుకుంటానన్నాడు. మధ్యేమార్గంగా, ఆవిడ భార్యగా ఉంటుంది గానీ రాణి అవ్వదు, పిల్లలకు వారసత్వం ఉండదు అని ఒక ప్రతిపాదన పెట్టారు. దానికి చట్టం మార్చాలి. 1931 చట్టం వచ్చాక కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల మాట కూడా కావాలి. మంత్రివర్గం కాదంది. ఇక మూడే దారులు మిగిలాయి. ఆవిడను వదులుకోవడం, మంత్రులతో తగువు పెట్టుకుని ప్రభుత్వాన్ని కూలదొయ్యడం, లేదా దిగిపోవడం.

ఆర్టీసీ_ఆర్డినరీ
మూడోది ఎంచుకున్నాడు. రెండోది ఎంచుకోనందుకు మెచ్చుకోవాలి. చాలామంది అదే ఎంచుకుంటారు, మన దగ్గర చూడట్లేదా.

వంకాయ_బజ్జీ
రాజకీయాలు వద్దు బాబూ, థ్రెడ్డుకు తాళం వేస్తారు.

శ్రీకాకుళం_చిన్నోడు
మా వైపు 1936 అంటే ఇంకోటి గుర్తొస్తుంది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రం అయింది. గంజాం జిల్లా, పర్లాకిమిడి ఊరు అటు పోయాయి. సగం చుట్టాలు ఇటు, సగం అటు. అంటే మా చుట్టాల్ని విడగొట్టినప్పుడు చక్రవర్తి ఈయనే అన్నమాట! ఇంతకాలం ఐదో జార్జిని తిట్టుకుంటున్నాం.

మిరపకాయ_మాస్టారు
ఆ పనంతా అంతకు ముందే అయిపోయిందిలే, ఈయన హయాంలో అమలైంది. ఎడ్వర్డుకి మన వైపుతో ఉన్న పరిచయం 1922 జనవరిది. యువరాజుగా మద్రాసులో దిగాడు, ఊళ్లో హర్తాళ్, అల్లర్లు. అదే నెలలో ఇటు పెదనందిపాడు రైతులు పన్ను కట్టమని భీష్మించుక్కూర్చున్నారు. అంతకు ముందు నవంబరులో బొంబాయిలో దిగినప్పుడు అల్లర్లు జరిగితే గాంధీ ఉపవాసం పట్టాడు.

కాఫీ_రెండో_డికాషన్
భీష్మించుకోవడం అన్నారు, నాకు అసలు భీష్ముడే గుర్తొచ్చాడు. అక్కడ తండ్రి ప్రేమకి కొడుకు రాజ్యం వదులుకున్నాడు. ఇక్కడ కొడుకు ప్రేమకి తమ్ముడు ఇరుక్కున్నాడు.

లండన్_లక్ష్మి
తమ్ముడి మాట ఎవరైనా ఎత్తుతారా అని చూస్తున్నా. బర్టీ, అదే తర్వాత ఆరో జార్జి అయినాయన. నత్తి. పదిమందిలో నాలుగు మాటలు మాట్లాడాలంటే ప్రాణం మీదకొచ్చే మనిషి. విషయం ఖాయమైందని తల్లితో చెప్పుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పట్టాభిషేకానికి 1937 మే 12 అని అన్న కోసం ముందే ముహూర్తం పెట్టేశారు. ఆ తేదీ మార్చలేదు. అదే రోజు తమ్ముడిని కూర్చోబెట్టారు.

వంకాయ_బజ్జీ
శుభలేఖలు అచ్చేశాక పెళ్లికొడుకు పారిపోతే తమ్ముడిని పీటల మీద కూర్చోబెట్టినట్టు.

పాతనాణెం_ప్రసాదు
నిజంగానే అచ్చేశారు! ఎడ్వర్డు పట్టాభిషేకం పేరుతో కప్పులు, పళ్లేలు అప్పటికే కుప్పలు తెప్పలుగా తయారయ్యాయి. జరగని పండగ కాబట్టి అరుదనుకుని కొంటారు కొత్తవాళ్లు. అరుదేం కాదు, బోలెడున్నాయి. ఎవరైనా ఎక్కువ రేటు చెప్తే నమ్మొద్దు. నేను ఒకసారి నమ్మి మునిగాను.

ఓరుగల్లు_పిల్ల
ఎంతకి?

పాతనాణెం_ప్రసాదు
మా ఆవిడ కూడా ఈ ఫోరం చదువుతుంది.

హక్కువిడుదల
రోజూ చదివి వెళ్లిపోతుంటాను. దీనికి మాత్రం రాయాలనిపించింది. మా ఇంట్లో ఇంత పెద్దది కాదు గానీ ఇలాంటిదే జరిగింది. నేను వేరే కులం అమ్మాయిని చేసుకుంటానంటే నాన్న ఒకటే మాట అన్నారు, పొలంలో నా వాటా తమ్ముడి పేరున విడుదల చేస్తూ రాసిచ్చి వెళ్లమని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట వేపచెట్టు కింద స్టాంపు కాగితాల బల్ల ఉంటుంది కదా, దాని మీద సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు. హీరోలా ఫీలయ్యా. మా ఆవిడ కళ్లల్లో కూడా అలాగే కనిపించి ఉంటాను.

రెండేళ్లకి ఆ వైపు రోడ్డు పడింది. ఎకరం రేటు పదింతలైంది. అప్పట్నుంచి తమ్ముడికి ఫోను చెయ్యడం మొదలుపెట్టాను. ముందు యోగక్షేమాలు, తర్వాత బోరు వెయ్యించావా, కౌలు ఎవరికిచ్చావు, ఆ మూల అమ్మకు, ఈ మూల అమ్ము. వాడు పాపం కొన్నాళ్లు అన్నీ విన్నాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఒకరోజు మా ఆవిడే అంది, "రాసిచ్చినప్పుడు నన్ను అడిగావా? నా కోసం రాసిచ్చానని ఇప్పుడు పదేపదే ఎందుకంటావు?" అని. జవాబు లేదు నా దగ్గర.

గోదారిగట్టు
హక్కువిడుదల గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు దండం.

మిరపకాయ_మాస్టారు
మీకు తెలిసి రాశారో తెలియక రాశారో గానీ, ఫోను సంగతి అచ్చు ఎడ్వర్డుదే. దిగిపోయి ఆస్ట్రియాలో స్నేహితుల బంగళాలో కూర్చుని తమ్ముడికి రోజూ ఫోను చేసేవాడు. డబ్బు పంపు, పెళ్లయ్యాక మా ఆవిడకి "హర్ రాయల్ హైనెస్" బిరుదు ఇవ్వు. అవే రెండు ముక్కలు. చివరికి ఆరో జార్జి విసిగిపోయి, ఆయన ఫోను వస్తే నాకు కలపొద్దని చెప్పేశాడు.

హక్కువిడుదల
నిజంగా తెలియదు మాస్టారూ. చదివితే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

ఆర్టీసీ_ఆర్డినరీ
డబ్బేంటి? అంత రాజుకి డబ్బు లేదా?

మిరపకాయ_మాస్టారు
అక్కడే గోదారిగట్టు గారి కథకి పంక్చరు పడుతుంది. సంతకం జరిగిన రోజు, అంటే డిసెంబరు 10న, ఫోర్ట్ బెల్వెడేర్ ఇంట్లో ఆరు ప్రతుల మీద సంతకం పెట్టాడు, ముగ్గురు తమ్ముళ్లు సాక్షులు. అదే ఇంట్లో తన దగ్గర తొంభై వేల పౌండ్లు కూడా లేవని తమ్ముడికి చెప్పాడు. నిజానికి ఉన్నది పది లక్షల పైచిలుకు. తమ్ముడు జాలిపడి ఏడాదికి పాతికవేలు ఇచ్చేలా ఒప్పుకున్నాడు. శాండ్రింగ్‌హామ్, బాల్మొరల్ సొంత ఆస్తి కాబట్టి అవీ ఎడ్వర్డు పేరునే ఉన్నాయి. కిరీటం ఊరికే వచ్చింది గానీ ఇళ్లను మాత్రం కొత్త రాజు డబ్బిచ్చి కొనుక్కున్నాడు, మూడు లక్షల పౌండ్లకు. ఆస్తుల సంగతి తర్వాత బయటపడింది. అన్నదమ్ముల మధ్య అసలు పుల్ల అక్కడ విరిగింది, ఆవిడ దగ్గర కాదు.

గోదారిగట్టు
ఇది నాకు తెలియదు. తొంభై వేల సంగతి నిజమేనా?

లండన్_లక్ష్మి
నిజమే. జీవితచరిత్రల్లో రాశారు.

గోదారిగట్టు
మా నాన్నగారికి ఈ థ్రెడ్ చూపించను.

రాత్రి_బస్సు
ఈయన హిట్లర్ మనిషి కాబట్టి దింపేశారని, ప్రేమ కథ పైపై ముసుగు అని వాట్సాప్‌లో వచ్చింది. దాని సంగతి?

మిరపకాయ_మాస్టారు
తేదీలు చూడండి. దిగింది 1936 డిసెంబరు. జర్మనీ వెళ్లి హిట్లర్‌ను కలిసింది 1937 అక్టోబరు. అతని మొగ్గు అటు ఉందని ముందే గుసగుసలు ఉన్న మాట నిజం. కానీ దిగిపోవడానికి కారణం పెళ్లే, కాగితాలన్నీ ఆ గొడవే చెప్తాయి. దిగిపోయాక వెళ్లి చేతులు కలపడం మాత్రం ఎంత సమర్థించినా సమర్థన లేని పని. పైగా వెళ్లడానికి ఒక కారణం, అక్కడ వాళ్లు ఆవిడని రాణిలా చూస్తారని.

రాత్రి_బస్సు
ఓహో. వాట్సాప్ వాళ్లు కలిపి కొట్టారన్నమాట.

ఓరుగల్లు_పిల్ల
అందరూ ఆయన త్యాగం, తమ్ముడి కష్టం అంటున్నారు. ఆవిడ సంగతి ఎవరూ మాట్లాడట్లేదే? ఎవరో మగాడు రాజ్యం వదిలేస్తే జీవితాంతం తిట్లు తిన్నది ఆవిడ. ఆవిడ వద్దని చెప్పిందని ఎక్కడో చదివాను.

లండన్_లక్ష్మి
చెప్పింది. పత్రికల్లో పొక్కిన వెంటనే ఫ్రాన్స్‌లోని కాన్ ఊరికి పారిపోయి, డిసెంబరు 7న ఈ వ్యవహారం నుంచి తప్పుకోవడానికి సిద్ధమని ప్రకటన కూడా ఇచ్చింది. ఆయన వినలేదు. 1937 జూన్ 3న ఫ్రాన్స్‌లో ఒక కోటలో పెళ్లి. ఇంటివాళ్లు ఒక్కరూ రాలేదు. పెళ్లికి వారం ముందే ఆయనకి "హిజ్ రాయల్ హైనెస్" ఉంటుంది, ఆవిడకి ఉండదు అని ఉత్తర్వు వచ్చింది. తమ్ముడి పెళ్లికానుక అది. ఇంట్లో నౌకర్లు మాత్రం ఆవిడని ఆ బిరుదుతోనే పిలవాలి, ఆయన రూలు.

ఓరుగల్లు_పిల్ల
అంటే ఆవిడకి వచ్చింది సింహాసనమూ కాదు, స్వేచ్ఛా కాదు. మీ కోసం వదిలేశాను అని రోజూ చూసే ముఖం. హక్కువిడుదల గారి ఆవిడ అన్న మాట ఈవిడా అనే ఉంటుంది.

హక్కువిడుదల
మా ఆవిడకి చదివి వినిపించాను. "నేను విడాకులు తీసుకోలేదు, అదొక్కటే తేడా" అంది.

వంకాయ_బజ్జీ
😂😂

కాఫీ_రెండో_డికాషన్
మన వైపు కూడా ఇలాంటిదొకటి ఉంది. ఇందూరు హోల్కర్ మూడో తుకోజీరావు. ఆయన దగ్గర్నుంచి ముంతాజ్ బేగం అనే నాట్యగత్తె వెళ్లిపోయింది. 1925 జనవరిలో బొంబాయి మలబార్ హిల్ మీద ఆవిడతో కారులో వెళ్తున్న బావ్లా అనే వ్యాపారిని చంపేశారు. దాడి చేసినవాళ్లకు ఇందూరుతో సంబంధం ఉందని తేలింది. విచారణకు నిలబడతావా, దిగిపోతావా అని దొరలు అడిగారు. 1926లో కొడుక్కి అప్పగించి దిగిపోయాడు. 1928లో అమెరికా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఈయన కథలో ప్రేమ గీమ అని ఎవరూ అనలేదు, భారతీయుడు కదా.

ఆర్టీసీ_ఆర్డినరీ
హత్య కూడా ఉంది కదండీ అందులో, అందుకు అనలేదేమో.

కాఫీ_రెండో_డికాషన్
సరే, అదీ నిజమే.

శ్రీకాకుళం_చిన్నోడు
వదలడం అంటే భూటాన్ నాలుగో రాజుది. జిగ్మే సింగ్యే. 2006 డిసెంబరులో యాభై ఒక్కేళ్లకే కొడుక్కిచ్చి దిగిపోయాడు. ఎవరూ దిగమనలేదు. అంతకు ముందే 1998లో పాలన మంత్రుల చేతికిచ్చాడు, ఎన్నికలు పెట్టండని జనం అడక్కుండానే తనే పట్టుబట్టాడు. 2008లో ఎన్నికలు జరిగాయి. మేము టూరుకెళ్తే గైడు ఆయన పేరెత్తినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడాడు, మనం దేవుడి గదిలో మాట్లాడినట్టు.

వంకాయ_బజ్జీ
ఆయనకి నలుగురు భార్యలు, నలుగురూ అక్కచెల్లెళ్లు. అంత ఇల్లు నడిపేవాడికి దేశం లెక్కా? దిగిపోయింది విశ్రాంతికి అయ్యుంటుంది.

కాఫీ_రెండో_డికాషన్
రోము చక్రవర్తి డయోక్లీషియన్ 305లో దిగిపోయి సముద్రం ఒడ్డున క్యాబేజీ పండించుకున్నాడు. మళ్లీ రమ్మని పిలవడానికి వస్తే, నా చేత్తో నాటిన క్యాబేజీలు చూస్తే మీరు ఆ మాట అడగరు అన్నాడట. అలాంటి పని ఏదో ఉండాలి దిగిపోయినవాడికి. ఎడ్వర్డుకి ఏం పని?

మిరపకాయ_మాస్టారు
తోటపని ఇష్టమే ఆయనకి, నిజం చెప్పాలంటే. గోల్ఫు, పార్టీలు, పగ్ కుక్కలు. యుద్ధం వచ్చాక 1940లో యూరప్‌కి దూరంగా ఉంటే మంచిదని బహామాస్‌కు గవర్నరుగా పంపేశారు. మన దగ్గర పెద్ద అధికారిని మన్యానికి బదిలీ చేసినట్టు. మూడో రకం వలస రాజ్యం అని ఆయనే విసుక్కున్నాడు. 1945లో అదీ అయిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు ఉద్యోగం లేదు. 1952లో తమ్ముడు యాభై ఆరేళ్లకే పోతే అంత్యక్రియలకి ఒక్కడే వెళ్లాడు. మరుసటేడు తమ్ముడి కూతురు ఎలిజబెత్ పట్టాభిషేకం పారిస్‌లో టీవీలో చూశాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది బల్ల సంగతి. ఏ బల్ల మీద పత్రానికి సంతకం పెట్టాడో ఆ బల్లను పారిస్ ఇంట్లో పెట్టుకున్నాడు. ఈ బల్ల మీదే సంతకం జరిగిందని దానికి ఇత్తడి రేకు కూడా. వచ్చిన అతిథులంతా చూసేవాళ్లు. వదిలేసినవాడు అలా బల్ల దాచుకుంటాడా?

గోదారిగట్టు
దాచుకుంటాడు. నేను రాజీనామా చేసిన కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మిరపకాయ_మాస్టారు
దానికి ఇత్తడి రేకు కొట్టించారా?

గోదారిగట్టు
ప్లాస్టిక్ కవర్లో పెట్టాను 🙂 మీ మాటా ఒప్పుకుంటాను, నా మాటా వదలను. డబ్బు దాచాడు, తప్పే. తమ్ముణ్ణి పీడించాడు, తప్పే. జర్మనీ మరీ పెద్ద తప్పు. కానీ ఆవిడతో ముప్పై అయిదేళ్లు కలిసే ఉన్నాడు. మధ్యలో వదిలేసి వెనక్కి రాలేదు కదా.

ఓరుగల్లు_పిల్ల
అవును, అది మాత్రం కాదనలేం.

లండన్_లక్ష్మి
1972లో గొంతు క్యాన్సరుతో మంచంలో ఉన్నప్పుడు మే 18న ఎలిజబెత్ పారిస్ వెళ్లి చూసింది. పది రోజులకి పోయాడు. విండ్సర్ దగ్గర ఫ్రాగ్‌మోర్‌లో పాతిపెట్టారు. పద్నాలుగేళ్ల తర్వాత ఆవిడని కూడా పక్కనే పెట్టారు. బతికుండగా ఆవిడని తమ మనిషిగా ఒప్పుకోని ఇల్లు పోయాక చోటిచ్చింది. 1987లో ఆవిడ నగలు జెనీవాలో వేలం వేస్తే దాదాపు 5 కోట్ల డాలర్లు వచ్చాయి, అదంతా పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి పోయింది. ఇప్పటి రాజు చార్లెస్ 2005లో విడాకులు తీసుకున్న ఆవిడనే చేసుకున్నాడు. 2022లో రాజయ్యాడు, ఆవిడ రాణి కూడా అయింది. అప్పటిలాంటి గొడవేమీ జరగలేదు.

ఆర్టీసీ_ఆర్డినరీ
డెబ్బై ఏళ్లు ముందు పుట్టడమే తప్పయింది పాపం.

పాతనాణెం_ప్రసాదు
వేలం అంటే గుర్తొచ్చింది, 1998లో న్యూయార్కులో వాళ్ల సామాన్లు వేలం వేశారు. పెళ్లి కేకు ముక్క ఒకటి డబ్బాలో దాచి ఉంటే 29,900 డాలర్లకి కొన్నారు. అరవై ఏళ్ల కేకు!

వంకాయ_బజ్జీ
మా అత్తగారు ఫ్రిజ్‌లో దాచిన కేకుకి కూడా మంచి రేటే వస్తుందన్నమాట.

రేకుడబ్బా_రవి
అందరికీ థాంక్స్. నాణెం గురించి అడిగితే ఇంత కథ వచ్చింది. ఒక్క నిమిషం!! డబ్బా అడుగున చిల్లున్నది ఒకటి దొరికింది! మా తాతగారి తమ్ముడు ఓడల్లో పనిచేశాడు, ఆఫ్రికా కూడా వెళ్లాడంటారు. చేతులు వణుకుతున్నాయి.

పాతనాణెం_ప్రసాదు
ఆగండి, టెన్షన్ పడకండి. ఏనుగు దంతాలు ఉన్నాయా? ఏం రాసుంది?

రేకుడబ్బా_రవి
దంతాలు లేవు. పైన కిరీటం ఉంది. ఇండియా అని ఉంది. 1944.

పాతనాణెం_ప్రసాదు
అది మన చిల్లుకాణి. యుద్ధంలో రాగి కరువొచ్చి 1943 నుంచి మధ్యలో చిల్లు పెట్టి వేశారు. తమ్ముడి కాలంలోది. ఇంటింటికీ ఉంటాయి.

వంకాయ_బజ్జీ
ఇక్కడ కూడా తమ్ముడే!

రేకుడబ్బా_రవి
ఈలోపు మా అమ్మ తీసేసుకుంది. అక్క కొడుక్కి మొలతాడుకి కట్టాలట, దిష్టి తగలకుండా. పసుపుదారం కోసం వెతుకుతోంది.

పాతనాణెం_ప్రసాదు
కట్టనివ్వండి. దానికి అంతకంటే మంచి రేటు నేనూ ఇవ్వలేను.